ఉత్తమ ఉద్యోగి ఫకామిలే గారి నిరుద్యోగ భృతి

మా ఎంబేకో పట్టణ కార్మిక కార్యాలయం ఈ ఏటి ఉత్తమ ఉద్యోగిగా ఫకామిలే గారిని ఎన్నుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆయన ఆ కార్యాలయంలో ఉద్యోగి కాడు. ఉన్న ఉద్యోగం ఊడి, నిరుద్యోగ భృతి కోసం ఆ కార్యాలయం గేటు ముందు నిలబడ్డ మనిషి. ఇదేం చోద్యమని పొరుగూరివాళ్లు ముక్కున వేలేసుకోవచ్చు. మా ఊళ్లో మాత్రం ఎవరూ వేసుకోలేదు. క్యూలో ఒక చేత్తో కాగితాల సంచీ, ఇంకో చేత్తో మడతకుర్చీ పట్టుకున్నవాళ్లకు ముక్కు దాకా వేలు తీసుకుపోయే వీలుండదు.

నేను మా ఊరి వారపత్రికలో విలేకరిని. అంటే, పత్రిక ఉన్నంతకాలం విలేకరిని. చదివేవాళ్లు తగ్గారు, ప్రకటనలు తగ్గాయి, చివరికి పత్రిక మూతపడిన వార్త వేయడానికి కూడా పత్రిక లేకుండా పోయింది. అలా నేనూ ఆ క్యూలోకి వచ్చి ఫకామిలే వెనకాల నిలబడ్డాను. కాబట్టి ఇక్కడ రాసేది చెప్పుడు మాట కాదు. పత్రిక పోయినా వార్త రాసే జబ్బు ఇంకా పోలేదు, అంతే.

ఫకామిలే కుర్చీల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. దక్షిణాఫ్రికాలోని మా ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో ఏ సర్కారు ఆఫీసుకైనా వెళ్లండి. మిమ్మల్ని చూడగానే అటు తిరిగిపోయే గుమాస్తా తిరిగేది ఆ ఫ్యాక్టరీ కుర్చీలోనే. ఫ్యాక్టరీ మూసేసిన రోజున యజమాని కళ్లు తుడుచుకుంటూ ప్రసంగించాడు. "మీరు నాకు కార్మికులు కారు, నా కుటుంబం" అన్నాడు. ఆ తర్వాత కుటుంబాన్ని గేటు బయటికి పంపి తాళం వేశాడు. వీడ్కోలు కానుకగా ఇవ్వడానికి గోదాములో రేడియం జాకెట్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు. రోడ్డు పనివాళ్లు వేసుకుంటారే, మెరిసే పట్టీలున్న పసుపుపచ్చవి, అవి. మనిషికొకటి పంచాడు. మిగతావాళ్లు వాటిని కోళ్ల గూళ్ల మీద కప్పారు. ఫకామిలే మాత్రం ఉతికి, ఆరేసి, మడతపెట్టి దాచుకున్నాడు. ఎవరు ఏమిచ్చినా మర్యాదగా పుచ్చుకునే రకం. ఆయనకు జరిగిన నష్టాలన్నిటికీ మూలం ఆ గుణమే.

నిరుద్యోగ నిధి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఉద్యోగం ఉన్నంతకాలం నెలనెలా జీతంలోంచి కొంత కోసుకుంటారు. అప్పుడు మీరెవరో, ఏ ఊరివారో, బతికున్నారో లేదో ఏ రుజువూ అడగరు. ఉద్యోగం పోయాక మాత్రం అన్నీ అడుగుతారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ దేవుడు చట్టసభలో ఉంటాడు, పూజారి కిటికీ వెనక ఉంటాడు. దరఖాస్తు ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే పెట్టుకోవచ్చని కార్యాలయం గోడ మీద పెద్ద బొమ్మ వేశారు. అందులో ఒక కుటుంబం సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తూ నవ్వుతూ ఉంటుంది. మేము ఫోన్‌లో పెట్టబోతే, వివరాల కోసం దగ్గరలోని కార్యాలయానికి వెళ్లమని వచ్చింది. కార్యాలయానికి వస్తే, "ఫోన్‌లో పెట్టుకోవచ్చుగా, బొమ్మ చూళ్లేదా?" అన్నారు. ఈ రెండింటి మధ్య తిరిగేవాళ్లతోనే ఆ క్యూ ఏర్పడింది.

అది మామూలు క్యూ కాదు. తెల్లవారకముందే వచ్చి రాయి పెట్టి చోటు పట్టుకునేవాళ్లుంటారు. రాయి మీద పేరు రాస్తారు. పేరున్న రాయిని జరపడం మా ఊళ్లో పొరుగువాడి గొడ్డును తోలుకుపోవడంతో సమానం. నూనెలో వేయించిన పిండి ఉండలు అమ్మే ఆడవాళ్లు, కంబళ్లు అద్దెకిచ్చేవాళ్లు, ప్రార్థన చేయించే పాస్టరు, అందరికీ ఆ క్యూ మీదనే బతుకు. లోపల కరెంటు పోతే గార్డు బయటికొచ్చి, "సిస్టమ్ పడుకుంది" అని ప్రకటిస్తాడు. కరెంటు వస్తే సిస్టమ్ లేస్తుందని ఎవరూ అపోహపడరు.

ఫకామిలేకు ఆ భృతి డిసెంబరులోపు కావాలి. కొడుకు అవివే ఆ ఏడాది కొండకు వెళ్తున్నాడు. మాలో పిల్లాడు కొండ మీద గుడిసెలో కొన్ని వారాలు పెద్దల అదుపులో గడిపి, మగవాడై దిగివస్తాడు. దిగివచ్చాక తండ్రి విందు చేయాలి. పొట్టేలు కోయాలి, ఇంటి బీరు కాయించాలి, కొడుక్కి కొత్త బట్టలు, కొత్త కంబళి పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, చుట్టాలందరి ముందు నిలబడి, "నాయనా, ఇకనుంచి నువ్వు మనిషివి, ఇలా బతుకు" అని నాలుగు మాటలు చెప్పాలి. ఆ మాటలు ఒక్కసారే చెబుతారు. పొట్టేలు చిక్కిపోయి ఉంటే జనం ఒక ఏడాది చెప్పుకుంటారు. మాట చెప్పే తండ్రి కనబడకపోతే ఆ పిల్లాడి జన్మంతా చెప్పుకుంటారు.

"అవివే నాన్నా, డిసెంబరుకల్లా వస్తుందా ఆ డబ్బు?" అని భార్య థోజామా రోజూ అడిగేది.

"నా జీతంలోంచి కోసుకున్నదేనే. ఇవ్వక ఏం చేస్తారు?"

"కోసుకునేటప్పుడున్న చురుకు ఇచ్చేటప్పుడు ఎవరికుంటదయ్యా? నా పెళ్లప్పుడు కన్యాశుల్కం కింద మా నాన్నకి నువ్వు తోలిస్తానన్న ఆవు ఇంకా దారిలోనే ఉంది."

ఆ ఆవు ప్రస్తావన రాగానే ఫకామిలే జాకెట్టు తగిలించుకుని క్యూకు బయల్దేరేవాడు.

అసలు తప్పు అక్కడే జరిగింది. జూలై అంటే మా వైపు చలికాలం, ఎముకలు కొరికే చలి. చొక్కా మీద చొక్కా వేసుకుని, గాలి దూరకుండా పైన ఆ రేడియం జాకెట్టు వేసుకున్నాడు పాపం. మా దేశంలో రేడియం జాకెట్టు అంటే ఏమిటో ఆయన మరచిపోయాడు. మా రాజ్యాంగాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంటుంది, నేనూ మెచ్చుకుంటాను. కానీ రాజ్యాంగం చేత్తో పట్టుకుని రోడ్డు మధ్య నిలబడితే లారీ ఆగదు, జాకెట్టు వేసుకుని చెయ్యెత్తితే ఆగుతుంది. దుకాణం ముందు జాకెట్టుతో నిలబడితే చాలు, కార్లవాళ్లు వచ్చి, మా కారు చూస్తుండు అని నాణెం చేతిలో పెడతారు. ఎవరు నియమించారు, ఎప్పుడు నియమించారు అని అడిగే దుర్మార్గుడు మాలో లేడు.

మొదటిరోజే ఒక ముసలావిడ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "నాయనా, మొగుడు పోయినవాళ్ల లైను ఇదేనా, అదా?"

తెలియదు అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఫకామిలే వెళ్లి కనుక్కొచ్చి మరీ, "అదమ్మా, ఎడమ పక్కది" అన్నాడు. ఆమె దీవించింది. వెనకాలే పది మంది వచ్చారు. ప్రసూతి భృతివాళ్లు, జబ్బు భృతివాళ్లు, ఫోన్ నంబరు మారినవాళ్లు, పేరులో ఒక అక్షరం పోయినవాళ్లు. పదకొండింటికల్లా గేటు దగ్గరి గార్డు కూడా వచ్చి, "అన్నా, నేనొక్క పది నిమిషాలు టీ తాగొస్తా, చూస్తుండు" అని వెళ్లాడు. ఆ పది నిమిషాలు ఇంకా పూర్తి కాలేదు.

ఆ వారంలోనే కార్యాలయం డైరెక్టరు మకలిమా గారి కారు గేటు దగ్గర ఆగింది. అద్దం కాస్త దిగింది.

"ఏయ్, నువ్వే! లైను ఎందుకలా పాములా మెలికలు తిరిగింది? రేపు పైనుంచి పెద్దలొస్తున్నారు. తిన్నగా ఉండాలి!"

"అలాగే సార్. కానీ సార్, నేను కూడా ఈ లైన్లోనే..."

అద్దం అప్పటికే పైకి లేచింది. ఫకామిలే క్యూను తిన్నగా చేశాడు. ముసలివాళ్లను నీడలోకి పంపాడు. చంటిపిల్లల తల్లులను ముందుకు పిలిచాడు. ఏ కిటికీకి ఏ కాగితం కావాలో ముందే చెప్పి, లేనివాళ్లను మధ్యాహ్నం దాకా నిలబెట్టకుండా ఇంటికి పంపాడు. కార్యాలయం పుట్టిన తర్వాత మొదటిసారి క్యూ కదిలింది. జనం ఆయన్ను వంశం పేరు పెట్టి, "జిజీ, జిజీ" అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు. పైనుంచి వచ్చిన పెద్దలు ముచ్చటపడి ఫోటోలు తీసుకున్నారు. మకలిమా గారు వారి ముందు ప్రసంగించారు. "మిత్రులారా! ఇది నా హయాంలో చేపట్టిన క్యూ ఆధునికీకరణ పథకం. పౌరుడే కేంద్రం! సేవే లక్ష్యం! దీనికి ప్రభుత్వం మీద ఒక్క సెంటు కూడా భారం పడలేదు!" ఆ చివరి మాట అక్షరాలా నిజం. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతకీ చిక్కేమిటంటే, క్యూను నడిపేవాడు క్యూలో నిలబడలేడు. ఫకామిలే రాయిని రోజూ నేనే జరుపుకుంటూ వచ్చాను. "నీ రాయికి నేను కావలి ఉంటాగానీ, నువ్వా జాకెట్టు తీసి లోపలికి పోవయ్యా మగడా" అని మొత్తుకునేవాణ్ని. "ఆ కాళ్లు వాచిన అవ్వని పంపించి పోతా" అనేవాడు. ఆ అవ్వ వెనక ఇంకో అవ్వ ఎప్పుడూ ఉండేది. చివరికి సెప్టెంబరులో ఒకనాడు రెక్క పట్టుకుని మూడో కిటికీ ముందుకు నేనే తోశాను.

కిటికీ వెనక వుయిస్వా అనే అమ్మాయి కూర్చుంటుంది. మంచి పిల్ల. ఫకామిలేని చూడగానే మొహం వికసించింది.

"ఏం బాబాయ్, మగవాళ్ల దొడ్లో మళ్లీ నీళ్లు రావట్లేదా?"

"అది కాదు తల్లీ. నా దరఖాస్తు."

"నీ దరఖాస్తేంటి?"

"నిరుద్యోగ భృతికి."

వుయిస్వా నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి ఆపేసింది. "నువ్విక్కడ పనిచేస్తున్నావుగా బాబాయ్."

"లేదమ్మా. నేను నిరుద్యోగిని."

"పొద్దున్నే నాకన్నా ముందొస్తావు. సాయంత్రం గేటేసి పోతావు. ఒక్కరోజు సెలవు పెట్టగా చూళ్లేదు నేను. నిరుద్యోగులు ఇలా ఉంటారా?"

"అందరూ ఇలాగే వస్తున్నారు తల్లీ. బయటికి చూడు, ఎంతమంది ఉన్నారో."

"వాళ్లకి జాకెట్టు లేదుగా!"

వుయిస్వా గొంతు తగ్గించింది. "నా కళ్లారా నిన్ను పనిలో చూస్తూ పని లేదని ఎలా రాయమంటావు? రేపు ఎవరైనా తనిఖీ చేస్తే నా ఉద్యోగం పోతుంది. అప్పుడు నేనొచ్చి నీ లైన్లో నిలబడాలి." ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమెకు ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన తల్లి. ఆ సిస్టమ్ ఎందుకో ఆ రోజు మెలకువగానే ఉంది. 'ఉద్యోగంలో ఉన్నాడు' అన్న మాటను గుటుక్కున మింగింది.

ఇక్కడ పని చేయడం లేదని రుజువు తెస్తే తీర్పు మారుస్తామన్నారు. ఆ రుజువు ఇవ్వవలసింది అదే కార్యాలయంలోని సిబ్బంది విభాగం, ఐదో కిటికీ. ఐదో కిటికీ ఆయన కంప్యూటర్లో వెతికి, "నీ పేరు మా సిబ్బందిలో లేదు" అన్నాడు. ఫకామిలే మొహం వెలిగింది. "అదే బాబూ, ఆ మాటే రాసివ్వండి." ఆయన జాలిగా చూశాడు. "మా సిబ్బందిలో ఉన్నవాళ్ల గురించే నేను రాయగలను పెద్దాయనా. లేనివాళ్ల గురించి రాయడానికి నాకు అధికారం ఎక్కడిది?"

సరిగ్గా అప్పుడే గోడ మీద ప్రకటన పడింది. క్యూ సమన్వయకర్త కావలెను. మేమంతా ఎగిరి గంతేశాం. భృతి పోతే పోయింది, ఉద్యోగమే వస్తుంది కదా! ఫకామిలే దరఖాస్తు పెట్టాడు. అనుభవం ఉందా అని అడిగారు. ఈ గేటు దగ్గరే ఇన్నాళ్లుగా చేస్తున్నానన్నాడు. రికార్డుల్లో చూస్తే ఆయన అక్కడ ఒక్క గంట కూడా పనిచేసినట్టు లేదు. అనుభవం లేని కారణంగా దరఖాస్తు తిరస్కరించారు. అలా మూడో కిటికీ లెక్కలో ఆయన అక్కడ పనిచేస్తున్నాడు, ఐదో కిటికీ లెక్కలో ఎన్నడూ పనిచేయలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. ఆ రెండు కిటికీలవాళ్లు మధ్యాహ్నం ఒకే బల్ల మీద భోంచేస్తారు, కూర కూడా పంచుకుంటారు. ఉద్యోగం మాత్రం హోటల్ నిర్వహణలో డిప్లొమా ఉన్న ఒక యువకుడికి వచ్చింది. డైరెక్టరు గారికి ఏదో వరస అవుతాడట. అతనికి లోపల ఒక గది, తిరిగే కుర్చీ ఇచ్చారు. గేటు ఎటువైపుందో అతనికి ఇంకా ఎవరూ చూపించలేదు.

ఒక రోజు ఫకామిలే గుండె రాయి చేసుకుని జాకెట్టు లేకుండా వచ్చాడు. గార్డు ఎగాదిగా చూసి, "ఏయ్ పెద్దాయనా, ఎక్కడికి దూరిపోతున్నావ్? వెనక్కి పో" అన్నాడు. మూడు నెలలు ఆయనకు గేటు అప్పగించి టీ తాగిన గార్డు! ఇక క్యూ సంగతి చెప్పనక్కర్లేదు. గంటలో రాళ్లు తారుమారయ్యాయి, ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు, కాళ్లు వాచిన అవ్వ తోపులాటలో పడిపోయింది. ఆపండి ఆపండి అని ఫకామిలే అరుస్తూనే ఉన్నాడు. వినేవాడేడీ? సంచీలోంచి జాకెట్టు తీసి తొడుక్కున్నాడు. అంతా సర్దుకుంది. నేను తల బాదుకున్నాను. "నీకు బుద్ధుందా?" అంటే, "అవ్వ పడిపోయిందిగా" అన్నాడు. అలాంటి మనిషితో ఏం వేగుతాం!

చివరికి నేనొక ఉపాయం చెప్పాను. చేయని ఉద్యోగంలోంచి బయటపడాలంటే రెండే దారులు. రాజీనామా చేస్తే చట్టం ప్రకారం భృతి రాదు. కాబట్టి వాళ్ల చేత తీసేయించుకోవాలి. తీసేశామని కాగితం ఇస్తే అది పట్టుకుని మూడో కిటికీకి వెళ్లొచ్చు. ఫకామిలే వెళ్లి, "నేను ఏ నియామకమూ లేకుండా ఇక్కడ పనిచేస్తున్నాను, ఇది నేరం, నన్ను తీసేయండి" అని తన మీద తానే ఫిర్యాదు రాసి ఇచ్చాడు.

మా కార్యాలయం ఏ ఫిర్యాదునూ తేలిగ్గా తీసుకోదు. మకలిమా గారి అధ్యక్షతన విచారణ సంఘం కూర్చుంది. సాక్షులను పిలిచారు. నిందితుడు ఎప్పుడైనా ఆలస్యంగా వచ్చాడా? లేదు. తాగి వచ్చాడా? లేదు. ప్రజలతో దురుసుగా మాట్లాడాడా? గార్డు, పిండి ఉండల మనిషి, పాస్టరు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆయన్ను ఆకాశానికెత్తారు. నా వంతు వచ్చింది. ఆయన ఉద్యోగి కాడని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. ఆ వాంగ్మూలాన్ని నిందితుడి వినయానికి నిదర్శనంగా నమోదు చేసుకున్నారు. ఇలాంటి రత్నాన్ని తొలగించే ప్రశ్నే లేదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతటితో ఆగక, ఉత్తమ ఉద్యోగి బిరుదుకు సిఫారసు చేసింది. ఈ కథ మొదట్లో నేను మీకు సంతోషంతో తెలియజేసింది ఆ బిరుదు గురించే.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అప్పటికే నవంబరు. అవివే కొండెక్కాడు.

సన్మానం ఘనంగా జరిగింది. కేకు కోశారు. బిరుదుతో పాటు ఇవ్వవలసిన నగదు బహుమతి జీతం ఖాతా ద్వారానే ఇవ్వాలట. జీతం లేనివాడికి జీతం ఖాతా ఉండదు కాబట్టి అది ఖజానాకు తిరిగి వెళ్లింది. దాని బదులు కొత్త రేడియం జాకెట్టు ఇచ్చారు. వీపు మీద పెద్ద అక్షరాలతో సిబ్బంది అని అచ్చు వేయించారు. మకలిమా గారు స్వయంగా తొడిగి, కేకు ముక్క నోట్లో పెట్టి, "ఫకామిలే, నువ్వు మాకు ఉద్యోగివి కావు. మా కుటుంబం!" అన్నారు. ఆ మాట విని ఫకామిలే ఉలిక్కిపడటం నేను చూశాను. "మీ అబ్బాయి విందుకు కుటుంబమంతా వస్తాం" అని కూడా అన్నారు.

ఇంటికి వెళ్లి చెబితే థోజామా చేట కింద పెట్టింది. "భృతి ఇవ్వనోళ్లు భోజనానికొస్తారా?"

"పిలవకుండా వస్తామంటే వద్దంటామా?"

"వాళ్లకేం పెడతావు? నీ జాకెట్టు వండిపెట్టనా?"

తర్వాత ఆమె ఏడ్చింది. ఏడ్చి, లేచి, అన్నగారింటికి వెళ్లి ఒక పొట్టేలును తోలుకొచ్చింది. దారిలోనే ఉన్న ఆవు సంగతి ఆయన పెద్దమనసుతో ఎత్తలేదు. క్యూలోని జనం తలా కాస్త తెచ్చారు. ఒకరు మొక్కజొన్న నూక, ఒకరు చిక్కుడు గింజలు, ఒకరు కట్టెలు. కాళ్లు వాచిన అవ్వ బీరు కాచింది. ఆ నిరుద్యోగులందరూ కలిసి ఆ నిరుద్యోగి పరువు నిలబెట్టారు. అవివేకు కంబళి వచ్చింది, బట్టలు వచ్చాయి. ఇక మిగిలింది ఫకామిలే చెప్పవలసిన ఆ నాలుగు మాటలే. వారం రోజులుగా గొణుక్కుంటూ బట్టీ పడుతున్నాడు. క్యూలో నా మీద కూడా ఒకసారి ప్రయోగించి చూశాడు. "ఎవరు చెయ్యి చాచి అడిగినా విదిలించుకోకు, కానీ నీ చెయ్యి నీదని మర్చిపోకు" అని మొదలవుతుంది. మంచి మాటే. ఆయన రెండో సగం ఎప్పుడూ పాటించలేదు కాబట్టి బాగా తెలుసు.

విందు రోజున పాత సూటు వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. డిసెంబరు కదా, కేప్‌టౌన్ నుంచి, జొహానెస్‌బర్గ్ నుంచి చుట్టాలు కార్లేసుకుని దిగారు. ఆ మట్టిరోడ్డు మీద ఒక ఎడ్లబండి వెళ్తే రెండోది ఆగాలి. ఇటో కారు, అటో వ్యాను, మధ్యలో పందిరి గుంజలు తెచ్చిన ట్రాక్టరు. హారన్ల మోత. ఫకామిలే ఎదురెళ్లి, "అన్నా, కాస్త వెనక్కి తియ్యండి" అన్నాడు. "నువ్వెవరివయ్యా చెప్పడానికి?" అన్నాడు డ్రైవరు. అది ఆయన ఇల్లు, ఆయన వాకిలి, ఆయన కొడుకు విందు. ఫకామిలే లోపలికి వెళ్లి, సూటు కోటు విప్పి, కొత్త జాకెట్టు తొడుక్కుని వచ్చాడు. చెయ్యెత్తాడు. వ్యాను వెనక్కి వెళ్లింది, ట్రాక్టరు పక్కకు జరిగింది, నోళ్లు మూతపడ్డాయి.

మకలిమా గారి కారు వచ్చింది. అద్దం కాస్త దిగింది. "ఎండ తగలకుండా పెట్టించు" అని ఒక నాణెం చేతిలో పడింది. రెండు వారాల కింద కేకు ముక్క నోట్లో పెట్టిన చెయ్యే అది. ఫకామిలే, "అలాగే సార్" అన్నాడు.

లోపల మగవాళ్లందరూ గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో చాప మీద అవివే, కొత్త కంబళి కప్పుకుని, ముఖానికి ఎర్రమట్టి పూసుకుని, తల దించుకుని ఉన్నాడు. మాటలు చెప్పేటప్పుడు తలెత్తకూడదు. పెద్దాయన లేచి, "పిల్లాడి తండ్రి ఏడీ?" అన్నాడు.

ఎవరూ లేవలేదు.

వంటల దగ్గర్నుంచి థోజామా గొంతు వినబడింది. "గేటు దగ్గర మీ కార్లు సర్దుతున్నాడయ్యా! పిలవండి!"

ఆడవాళ్ల పరాచికం అనుకుని అందరూ నవ్వారు. మకలిమా గారు మాత్రం నవ్వలేదు. గంభీరంగా లేచారు. "సోదరులారా! ఫకామిలే గారిని నేనెరుగుదును. పనే ప్రాణమైన మనిషి. కన్నకొడుకు పండగనాడు కూడా విధి నిర్వహణలో ఉన్నారంటే, అలాంటి ఉద్యోగి దొరకడం మా కార్యాలయం అదృష్టం. ఆయన్ను ఇబ్బంది పెట్టవద్దు. మనమే కానిద్దాం!" చప్పట్లు మోగాయి.

నేను లేచి గేటు దగ్గరికి పరుగెత్తాను. "ఇటివ్వు ఆ జాకెట్టు! లోపల నిన్ను పిలుస్తున్నారు, పో!" అని ఆయన ఒంటి మీంచి లాగినంత పని చేసి నేను తొడుక్కున్నాను. ఫకామిలే సూటు కోటు కోసం కూడా ఆగకుండా పరుగెత్తాడు. నేను వెంట వెళ్దామంటే అప్పటికే ఒక లారీ వచ్చి నన్ను చెయ్యెత్తమంటోంది. గేటు దగ్గర్నుంచే చూశాను. పెద్దాయన అప్పుడే మాటలు ముగించి కూర్చుంటున్నాడు. "బాగా చదువుకో, మంచి ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకో, మీ నాన్నలాగా" అన్నది ఆఖరి మాట. చెప్పిన మాటలు రెండోసారి చెప్పరు. ఫకామిలే గుంపు వెనకాల ఆగిపోయాడు. అవివే ఆచారం మరిచి తలెత్తి తండ్రి వైపు చూశాడు. "తల దించరా!" అని ఎవరో గద్దించారు. ఆ పిల్లాడు దించడానికి కొంచెం సేపు పట్టింది.

సాయంత్రం మకలిమా గారు కడుపు నిండా తిని బయల్దేరారు. గేటు దగ్గర కారు ఆపించి, ఈసారి అద్దం పూర్తిగా దించి, నా చెయ్యి పట్టుకుని ఊపారు.

"అభినందనలు ఫకామిలే గారూ! మీ అబ్బాయి మీలాగే ఉన్నాడు. సోమవారం ఆలస్యం చేయకండి."

"అలాగే సార్" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ జాకెట్టులో నుంచి ఇంకో మాట బయటికి రాదనుకుంటాను.

సోమవారం నుంచి గేటు దగ్గర నేనే ఉంటున్నాను. ఎవరూ తేడా గమనించలేదు. జనం నన్ను, "జిజీ" అంటున్నారు. నాది ఆ వంశం కాదు. నా భృతి దరఖాస్తు మీద కూడా 'ఉద్యోగంలో ఉన్నాడు' అని వచ్చిందని వుయిస్వా చెప్పింది. ఫకామిలే క్యూ చివర కొత్త రాయి పెట్టుకుని మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఆయన ఇప్పుడు అచ్చమైన నిరుద్యోగి, రుజువు కూడా అక్కర్లేదు, ఎవరూ ఆయన్ను గుర్తుపట్టడం లేదు. ఆ నాలుగు మాటలు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి.

మీరు ఇంతసేపు మా ఊరివాళ్ల తెలివికి నవ్వుకున్నారు. సంతోషం. పోయినసారి మీరు పెళ్లికి వెళ్లినప్పుడు మీ బండికి చోటు చూపించిన మనిషి ఒకాయన ఉంటాడు కదా. ఆయన ముఖం ఎలా ఉంటుందో కాస్త చెప్పండి. జాకెట్టు రంగు నేనడగలేదు.